అలెగ్జాండ్రియాకి నాలుగో మనిషి

నిన్న ఉదయం ఎనిమిదీ పది నిమిషాలకి నేను ఉప్మా తింటుంటే టీవీలో అలెగ్జాండ్రియా చూపించారు. చలికాలపు తుఫాను. సముద్రం గోడ దాటి రోడ్డు మీదికి వస్తోంది. కార్లు సగం నీళ్ళలో నిలబడి ఉన్నాయి. ఒకాయన చెప్పులు చేత్తో పట్టుకుని, నవ్వుతూ అవతలికి దాటుతున్నాడు. వార్త అర నిమిషం కూడా లేదు, వెంటనే క్రికెట్ వచ్చింది. నేను చెయ్యి ఆపేసి కూర్చోవడం చూసి మా ఆవిడ "ఉప్పెక్కువైందా?" అని అడిగింది. లేదన్నాను. ఆ రోడ్డు నాకు తెలుసు. తొంభైల మధ్యలో ఒక ఆగస్టు నెలలో దాని పక్కన ఐదు రోజులున్నాం, మా అక్క, మా బావ, నేను. ముగ్గురం. నలుగురం అని కూడా అనొచ్చు. బావ పోయి ఆరేళ్ళయింది, అక్క నిరుడు పోయింది, కాబట్టి ఆ లెక్క చెప్పగలిగినవాణ్ణి ఇప్పుడు నేనొక్కణ్ణే.

అప్పట్లో దోహాలో నజ్మాలో ఉండేవాళ్ళం. బావ ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో సివిల్ ఇంజనీరు. డిప్లొమా అయ్యాక నన్ను రప్పించింది ఆయనే. వేరే కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరి, వాళ్ళింట్లోనే ఒక గదిలో ఉండేవాణ్ణి. వాళ్ళకి పిల్లల్లేరు. నాన్న పోయాక అమ్మని కూడా అక్క తన దగ్గరికి తెప్పించుకుంది. అమ్మ మూడేళ్ళుంది దోహాలో. ఆ మూడేళ్ళూ ఏసీని పరాయివాణ్ణి చూసినట్టు చూసింది, కారులో చెవులకి కొంగు చుట్టుకుని కూర్చుంది, ఖర్జూరాలు మాత్రం ఏ సంకోచమూ లేకుండా తింది. ఎండ గురించి ఒక్కసారి కూడా ఫిర్యాదు చెయ్యలేదు. గోదావరి జిల్లాలో పుట్టినవాళ్ళకి ఎండ గురించి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదనేది.

అమ్మకి పట్టింపులు తక్కువ. ఎవరైనా తుమ్మితే ఆగమనేది కాదు. పిల్లి ఎదురొస్తే "దాని పనిమీద అది పోతోంది, మన పనిమీద మనం పోదాం" అనేది. ఒక్క విషయంలో మాత్రం కదిలేది కాదు. ముగ్గురు కలిసి గడప దాటకూడదు. తప్పకపోతే చేతిలో ఒక రాయి పట్టుకోవాలి. అది నాలుగో మనిషి కింద లెక్క. చేరాల్సిన చోటికి చేరాక దాన్ని పారెయ్యాలి. మా వైపు చాలా ఇళ్ళల్లో ఉన్న నమ్మకమే ఇది. అయితే ఊళ్ళో రాయి కావాలంటే వంగితే చాలు. నజ్మాలో మూడో అంతస్తు నుంచి లిఫ్టులో దిగేవాళ్ళకి గడప దగ్గర రాయి ఎక్కడ దొరుకుతుంది? అమ్మ దానికి ఉపాయం ఆలోచించింది.

"అల్లుడుగారూ, మీ సైట్లో రాళ్ళుంటాయిగా. నాలుగు తెచ్చిపెట్టండి" అంది ఒకరోజు.

"ఏ సైజువి అత్తయ్యగారూ? ఇరవై ఎం.ఎం. వా, నలభై ఎం.ఎం. వా?"

"జేబులో పట్టేవి."

బావ నవ్వకుండా వెళ్ళి ఒక సంచీడు తెచ్చాడు. అమ్మ వాటిని కడిగి, ఆరబెట్టి, ఖాళీ పాలపొడి డబ్బాలో పోసి చెప్పుల స్టాండు మీద పెట్టింది. గురువారం సాయంత్రం మేం ముగ్గురం అక్కడి బజారు, సూక్‌కి వెళ్తుంటే, మోకాళ్ళ నొప్పులని తను ఇంట్లో ఉండిపోయేది. తలుపు దగ్గర నిలబడి వేలితో మమ్మల్ని లెక్కపెట్టి, డబ్బాలోంచి ఒకటి తీసి బావ చొక్కా జేబులో వేసేది. ఆయన పారెయ్యడం మర్చిపోయేవాడు. శుక్రవారం సెలవు గడిచి శనివారం ఆఫీసులో పెన్ను కోసం జేబులో చెయ్యి పెడితే రాయి తగిలేది. దాన్ని సొరుగులో పడేసేవాడు. ఆ సొరుగు నిండింది. పక్క టేబులు ఈజిప్టు ఇంజనీరు, అలెగ్జాండ్రియావాడు, ఒకసారి స్టేప్లర్ కోసం అది తెరిచి, "నీకు జీతం రాళ్ళలో ఇస్తున్నారా?" అని అడిగాడట. బావ సంగతంతా చెప్పాడు. అతను శ్రద్ధగా విని, "మీ అత్తగారిని మా అమ్మకి చూపించకూడదు. ఇద్దరూ కలిస్తే నువ్వూ నేనూ డ్యూటీకి రాలేం" అన్నాడట. బావ ఇంటికొచ్చి చెబితే అమ్మ చాలా సంతోషించింది. ఆవిడకి ఎంతమంది పిల్లలో కనుక్కోమంది.

ఒక మే నెల మధ్యాహ్నం అమ్మ మజ్జిగన్నం తిని, ఏసీ కట్టేయించి, దుప్పటి కప్పుకుని పడుకుంది. కాఫీ వేళకి అక్క లేపడానికి వెళ్తే లేవలేదు. తర్వాతి రోజులు కాగితాలతో గడిచాయి. అక్కడ చనిపోయిన మనవాళ్ళని ఇంటికి పంపించడమే పద్ధతి. అక్క పాస్‌పోర్టు అప్పుడు వీసా స్టాంపింగుకి వెళ్ళి ఉంది. ఎప్పుడు చేతికొస్తుందో ఎవరూ చెప్పలేకపోయారు. అమ్మతో పాటు నేనే విమానం ఎక్కాను. కొడుకుని కాబట్టి చెయ్యాల్సినవన్నీ చేశాను. నిప్పు పెట్టాను, గోదావరిలో కలిపాను, పన్నెండు రోజులూ బంధువుల మధ్య కూర్చున్నాను. నాకు అమ్మ ఒక్కసారిగా పోలేదు, రోజుకి కొంచెం చొప్పున పోయింది. అక్కకి తెలిసింది మాత్రం ఇంటి కింద ఆంబులెన్స్ తలుపు మూసుకోవడం వరకే. ఆ తర్వాత అమ్మ ఏమైందో ఆమెకి ఒకరు చెప్పిన మాటే తప్ప చూసింది లేదు.

నేను తిరిగొచ్చేసరికి ఇల్లు బాగానే ఉంది. అక్క వంట చేస్తోంది, బట్టలు మడతపెడుతోంది, అడిగినదానికి జవాబు చెబుతోంది. ఏడవలేదని బావ నాతో మెల్లగా అన్నాడు. ఒక్కసారి కూడా. ఆ వారం మేం ముగ్గురం కూరగాయలకి బయల్దేరితే, అక్క తలుపు దగ్గర ఆగి వేలితో లెక్కపెట్టి, డబ్బాలోంచి ఒక రాయి తీసి తన సంచీలో వేసుకుంది. ఇందులో తప్పుపట్టడానికి ఏమీ లేదు. నిజంగానే ముగ్గురం. అమ్మ నియమం ప్రకారం నాలుగోది కావాలి. అమ్మ లేకపోవడం వల్లనే ఇప్పుడు ప్రతిసారీ ముగ్గురమయ్యాం. తేడా ఒక్కటే. అక్క దాన్ని పారెయ్యలేదు. ఇంటికి తిరిగి తెచ్చి, తుడిచి, విడిగా పెట్టింది. మరుసటిసారి కూడా అదే రాయి తీసింది. బూడిదరంగుది, ఒక పక్క నున్నగా ఉండేది. కారులో వెనక సీట్లో అమ్మ కూర్చునే చోట సంచీ పెట్టేది. ముందుకు వంగి, ఆ వైపు ఏసీ గాలి తగలకుండా రెక్క పక్కకి తిప్పేది. నేను పక్కనే కూర్చుని కిటికీలోంచి బయటికి చూసేవాణ్ణి. బావ అద్దంలో చూసేవాడు.

జూన్, జూలై అలాగే గడిచాయి. అక్క బాగా చిక్కిపోయింది. రాత్రి భోజనం మానేసింది. ఒక సాయంత్రం బావ నన్ను సముద్రం ఒడ్డునున్న దోహా కార్నీష్‌కి తీసుకెళ్ళి, కారు దిగకుండానే చెప్పాడు. "ఇలా ఇంకో రెండు నెలలైతే మీ అక్క మనకి దక్కదురా. మా ఆఫీసు ఈజిప్టువాడు అలెగ్జాండ్రియా వెళ్ళమంటున్నాడు. వాళ్ళ అమ్మ ఇంట్లో పైన గదులు ఖాళీగా ఉన్నాయట. అక్కడికి వెళ్ళాకైనా ఆ రాయి దిగితే సరే. దిగకపోతే నేను రాజీనామా ఇచ్చేసి ఇంటికి తీసుకెళ్ళిపోతాను." ఆ ఉద్యోగం ఆయనకి ఎంత ఇష్టమో నాకు తెలుసు. కోప్పడి రాయి లాక్కోవచ్చు కదా అన్నాను. "లాక్కుంటే చేతిలోంచి పోతుంది. అంతేగా" అన్నాడు.

భాష సంగతి అడిగితే ఆ ఇంజనీరు, "మా అమ్మకి మీ భాష రాకపోయినా ఇబ్బంది లేదు. ఆవిడ వినదు, మాట్లాడుతుంది" అన్నాడట.

దోహా ఎయిర్‌పోర్టులో యంత్రంలో సంచీ వెళ్ళగానే పోలీసు ఆపాడు. రాయి బయటికి తీసి, అటూ ఇటూ తిప్పి, "ఏంటిది?" అన్నాడు. అక్క ముఖం తెల్లబోయింది. బావ ముందుకొచ్చి, "శాంపిల్. ఇంజనీర్‌ని" అన్నాడు. పోలీసు నమ్మాడు. నాకు తెలిసి మా బావ ఒక అధికారికి అబద్ధం చెప్పడం అదొక్కసారే. విమానంలో అక్క ఆ సంచీని ఒళ్ళో నుంచి దించలేదు.

కైరో నుంచి రైలు. సాయంత్రం అలెగ్జాండ్రియాలో దిగగానే గాలి చల్లగా తగిలింది. ఆగస్టులో ఒంటికి హాయిగా ఉండే గాలి ఒకటి ఉంటుందని దోహాలో మేం మర్చిపోయాం. ఇంజనీరు దోహాలోనే ఉండిపోయాడు. అతని తల్లి, ఆ పెద్దావిడ ఇల్లు సముద్రపు రోడ్డుకి ఎదురుగా ఉన్న పాత మేడలో. ఎత్తైన కప్పులు, ఆకుపచ్చ చెక్క కిటికీలు, ఉప్పుగాలికి తుప్పుపట్టిన గడియలు. ఆవిడ నల్లబట్టల్లో, వెడల్పుగా, మెట్లమీద ఆయాసపడుతూ ఎదురొచ్చింది. కొడుకు చెప్పినట్టే మాట్లాడటం మొదలుపెట్టి ఐదు రోజులూ ఆపలేదు. బావకి సైట్లో నేర్చుకున్న అరబ్బీ ఉంది. దానితో సిమెంటు తెమ్మనొచ్చు, రేపు రమ్మనొచ్చు, డబ్బుల్లేవనొచ్చు. దాంతోనే నెట్టుకొచ్చాడు. భోజనానికి వెల్లుల్లి, నిమ్మరసం వేసి వేయించిన వంకాయ ముక్కలు, తర్వాత పుదీనా వేసిన టీ. అక్క వంకాయ రెండోసారి పెట్టించుకుంది. బావ ఆమె కంచం వైపు చూడనట్టు చూశాడు.

మర్నాడు కోటకి వెళ్ళాం. పుస్తకాల్లో అందరూ చదువుకునే ఆ గొప్ప దీపస్తంభం ఒకప్పుడు అక్కడే ఉండేదట. భూకంపాలకి పడిపోయాక, ఆ చోటే కోట కట్టారు. చూడ్డానికి వచ్చినవాళ్ళంతా లేనిదాని గురించే మాట్లాడుకుంటున్నారు. దీపం ఎంత ఎత్తుండేదో, ఎంత దూరం కనబడేదో. ఆ ఊరే అంత. ఉన్నదానికంటే పోయినదాన్ని చూపించడం వాళ్ళకి అలవాటు. కోట గోడలో అక్కడక్కడ పెద్ద ఎర్రరాతి స్తంభాలు అడ్డంగా కనిపిస్తాయి. బావ ఇంజనీరు కాబట్టి వాటి దగ్గర ఆగి, "ఇవి పాత దీపస్తంభం రాళ్ళేనంటారు. పడిపోయినవాటినే తెచ్చి మళ్ళీ వాడారు" అని మాకు చెప్పాడు.

అక్క ఆ రాతిమీద చెయ్యి వేసింది. "అయితే వీళ్ళూ పారెయ్యలేదన్నమాట" అంది.

కింద అలలు గోడకి కొట్టుకుంటున్న చప్పుడు వింటూ చాలాసేపు నిలబడ్డాం.

నాలుగో రోజు బీచికి వెళ్ళాం. జనం ఎంతగా ఉన్నారంటే ఇసక కనబడలేదు. కుటుంబాలకి కుటుంబాలు దిగాయి. ఆడవాళ్ళు ఒంటినిండా బట్టలతోనే నీళ్ళల్లో కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారు. మొక్కజొన్నలు కాల్చే పొగ, తేనె పూసిన పల్చటి అప్పడాల్లాంటివి అమ్మేవాళ్ళ కేకలు. మధ్యధరా సముద్రం రంగు గురించి చాలామంది చాలా రాశారు. నాకు కనిపించింది నీలమే. కుర్చీలు, గొడుగు అద్దెకిచ్చేవాడు మూడు కుర్చీలు వేశాడు. అక్క నాలుగు వేళ్ళు చూపించింది. వాడు నాలుగోది వేశాడు. అక్క దాంట్లో సంచీ పెట్టింది. కాసేపటికి ఒక లావుపాటావిడ పిల్లని చంకనేసుకుని వచ్చి ఆ కుర్చీ ఖాళీయేనా అన్నట్టు సైగచేసింది. బావ అవునన్నట్టు తల ఊపాడు, అదే క్షణంలో అక్క కాదన్నట్టు చెయ్యి అడ్డం పెట్టింది. ఆవిడ ఇద్దరి ముఖాలూ చూసి, మొగుడూ పెళ్ళాల గొడవనుకుందో ఏమో, నవ్వి వెళ్ళిపోయింది.

ఎండ వాలింది. గొడుగు నీడ పక్కకి జరిగింది. అక్క బావవైపు తిరిగి, మామూలుగా, ఉప్పు అందించమన్నంత మామూలుగా అంది: "అమ్మకి ఎండ తగులుతోంది. ఆ గొడుగు ఇటు జరపండి."

అప్పటిదాకా ఆమె ఆ మాట నోటితో అనలేదు. బావ లేచాడు. ఇసకలోంచి గొడుగు కర్ర పీకి, ఆ కుర్చీమీద నీడ పడేలా జాగ్రత్తగా పాతాడు. చుట్టూ ఇసక తొక్కి గట్టిచేశాడు. వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. ఆయన మీద ఎండ పడుతోంది. అలాగే కూర్చున్నాడు.

ఆ సాయంత్రం టీ దగ్గర పెద్దావిడ సంచీ వైపు గడ్డం చూపించి ఏదో అడిగింది. ఆ నాలుగు రోజుల్లో ఆవిడ జవాబు కోసం ఆగడం అదే మొదలు. బావ తన సైటు అరబ్బీలో చెప్పుకొచ్చాడు. ముగ్గురు బయల్దేరితే మంచిది కాదు. రాయి ఉంటే నలుగురు. ముందు నలుగురమే. నాలుగోది ఈమె తల్లి. ఇప్పుడు మాఫీ, అంటే లేదు. పెద్దావిడ నవ్వలేదు, వింతగా చూడలేదు. ఎక్కడ పాతిపెట్టారని అడిగింది. పాతిపెట్టలేదు, మా పద్ధతి నిప్పు, తర్వాత నది అని బావ చేతులతో చూపించాడు. ఆవిడ టీ గ్లాసు కింద పెట్టింది. తర్వాత అక్కవైపు తిరిగి, తన కళ్ళని రెండు వేళ్ళతో చూపించి, ఒక్క మాట అడిగింది. దానికి తర్జుమా అక్కర్లేకపోయింది. నువ్వు చూశావా అని. అక్క లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది.

మర్నాడు పొద్దున్నే మా ప్రయాణం. పెట్టెలు కిందికి దించాం. ట్యాక్సీ వచ్చి ఉంది. అక్క గడప దగ్గర సంచీలోంచి రాయి తీసి చేత్తో పట్టుకుంది. అప్పుడు లోపల్నుంచి పెద్దావిడ వచ్చింది. వేరే నల్ల బట్టలు, బయటికి వెళ్ళే చెప్పులు, చేతిలో పర్సు. మా ముగ్గురినీ వేలితో ఒక్కొక్కరినీ చూపించి, చివర తన గుండెమీద కొట్టుకుంది. "అర్బఆ" అంది, నాలుగు వేళ్ళు ఎత్తి. "యల్లా." పదండని.

స్టేషన్ దాకా వస్తానంటోందని బావ అన్నాడు. అక్క ఆవిణ్ణి చూసింది. చేతిలో రాయిని చూసింది. నలుగురు మనుషులున్నారు. నలుగురుంటే రాయి అక్కర్లేదని చెప్పిన మనిషి అమ్మే. ఆ నియమాన్ని అక్కకన్నా గట్టిగా పట్టుకున్నవాళ్ళు ఎవరూ లేరు. ఇప్పుడు ఆమె తనతో తనే వాదించుకుంటున్నట్టు పెదాలు కదిలాయి. పెద్దావిడ వచ్చి మోచెయ్యి పట్టుకుంది. ఇద్దరూ ట్యాక్సీ వైపు రాలేదు. రోడ్డు దాటి సముద్రంవైపు నడిచారు. నేను వెనకాల వెళ్ళబోతే బావ నా భుజం పట్టి ఆపాడు.

పొద్దున్నే కాబట్టి బీచి ఖాళీగా ఉంది. అక్క చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని మోకాళ్ళ లోతు దిగింది. పెద్దావిడ చెప్పులతోనే దిగింది. అక్క రాయిని విసరలేదు. వంగి, నిద్రపోతున్నవాళ్ళని పక్కమీద దించినట్టు, రెండు చేతులతో నీళ్ళ అడుగున పెట్టింది. చేతులు చాలాసేపు నీళ్ళలోనే ఉంచింది. లేచి నిలబడ్డాక ఆమె నోట్లోంచి ఒక శబ్దం వచ్చింది. రోడ్డు ఇవతలికి వినబడింది. మా ఊళ్ళో శవం లేస్తుంటే ఆడవాళ్ళు ఏడ్చే ఏడుపు అది. మూడు నెలలు ఆలస్యంగా, ఆ ఊళ్ళో. పెద్దావిడ ఆమెని గుండెకి అదుముకుని తనూ గొంతెత్తి ఏడ్చింది. ఎవర్ని తలుచుకుందో మాకు తెలియదు. ట్యాక్సీవాడు ఇంజన్ ఆపేసి తల దించుకుని కూర్చున్నాడు. బావ నాకు వీపు తిప్పి నిలబడ్డాడు.

స్టేషన్‌లో రైలు కదిలేదాకా పెద్దావిడ కిటికీ పట్టుకునే ఉంది, మాట్లాడుతూనే ఉంది. ఆవిడ చీలమండల దగ్గర బట్టలు తడిసి కాళ్ళకి అంటుకుంటున్నాయి. ప్లాట్‌ఫారం వెనక్కి పోయాక చూస్తే మా ఎదురు సీటు ఖాళీగా ఉంది. మళ్ళీ ముగ్గురం. నాకు భయం వేసింది. "అక్కా, ఇప్పుడు మనం ముగ్గురమే కదా" అనేశాను.

అక్క ముఖం ఉబ్బి ఉంది. కొంగుతో ముక్కు తుడుచుకుని, విసుగ్గా, అచ్చం అమ్మ గొంతుతో అంది: "గడప దాటేటప్పుడు నలుగురమేగా. అమ్మ చెప్పింది గడప సంగతే. రైళ్ళ గురించి ఆవిడేం చెప్పలేదు, నువ్వు కొత్తవి పెట్టకు."

బావ కిటికీవైపు తిరిగి నవ్వాడు. మే తర్వాత ఆయన నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి. కైరో దాకా ఆ ఎదురు సీట్లో ఎవరూ వచ్చి కూర్చోలేదు. రైలు నిండా జనం ఉన్నారు, నడవలో నిలబడ్డారు కూడా. దానికి అర్థం ఏమిటని నేను ఎప్పుడూ ఎవర్నీ అడగలేదు. అక్క ఒకట్రెండుసార్లు అటు చూసింది. తర్వాత నిద్రపోయింది. ఆ నిద్ర నాకు బాగా గుర్తు. నోరు కొంచెం తెరిచి, తల బావ భుజం మీద.

ఆ తర్వాత పదిహేడేళ్ళు బావ ఆ కంపెనీలోనే చేశాడు. అక్క మళ్ళీ ఒళ్ళు చేసింది, గొడవలు పెట్టుకుంది, నాకు సంబంధం చూసింది. అమ్మ పోయిన తిథి నాడు నేను చెయ్యాల్సింది చేసేవాణ్ణి, అక్క మాత్రం ఆ రోజు వంకాయ వేపుడు చేసేది. పెద్దావిడ పోయిందని కొన్నేళ్ళకి కబురొచ్చింది. ఆ రోజు అక్క తలస్నానం చేసింది. ఎందుకని బావ అడిగితే, "మనింటి మనిషేగా" అంది.

ఇప్పుడు దోహాలోనే అబూ హమూర్‌లో ఉంటున్నాం. మా ఆవిడ, మా అమ్మాయి, నేను. మా అమ్మాయికి ఈ కథ సగమే తెలుసు. బావ పోయాక అక్క మా దగ్గరే ఉండి, ఉన్నన్నాళ్ళూ మాతో వచ్చేది కాబట్టి గడప దాటేది నలుగురమే. నిరుటి నుంచి ముగ్గురమే. నేను చివరగా తలుపు మూసి తాళం వేస్తాను, వాళ్ళు అప్పటికే లిఫ్టు దగ్గర ఉంటారు. బయల్దేరేముందు మా ఇంట్లో ఇప్పుడు ఎవరూ మనుషుల్ని లెక్కపెట్టరు.